ఫోన్లో టెస్టులు చెప్పిన గొంతు

మీరు నవ్వినా సరే, ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు. సూరత్‌లో, నా అద్దె గదిలో, ఈ చెవులతో విన్నాను.

మా ఆఫీసు తయారుచేసేది నల్ల తెర మీద కమాండ్లు కొట్టి వాడే సాఫ్ట్‌వేర్. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టి, ఏదైనా పాడైతే పాతది తిరిగి ఇస్తుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాసింది లావణ్య. సూరత్‌లోనే గోడాదరా పేటలో ఉండే మగ్గాల కార్మికుడి కూతురు, కొత్తగా చేరిన పిల్ల. ఆ రాత్రి తెల్లారేలోపు నేను అవన్నీ సరిచూసి పంపితేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ఆ మధ్యాహ్నమే ఆమె లాప్‌టాప్ చచ్చింది. టెస్టులు నా దగ్గర మాత్రమే మిగిలాయి. వాటిని మా సాఫ్ట్‌వేర్‌లోనే దాచాలని ఇద్దరికీ తోచలేదు చూడండి... దీపం కింద చీకటి.

మా పద్ధతి ప్రకారం ఏ టెస్టుకు ఏ కమాండ్ కొట్టాలో రాసినవాళ్లు ఫోన్లో చెబుతారు, సరిచూసేవాళ్లు టైపు చేస్తారు. లావణ్య తన నోటుబుక్కు చూసి చెబుతోంది.

"ఇగ బ్రాంచ్ టెస్టు పెట్టక్కా," అంది లావణ్య. ఆమె వెనక మగ్గాలు. ఖట్... ఖట్... ఖట్...

ఒకటి తర్వాత ఒకటి చేసుకుంటూ పోయాం. గొంతు కాస్త బొంగురుపోయింది. పాపం, అలిసిపోయింది అనుకున్నాను. చివరికి, దాచని ఫైళ్లన్నీ తుడిచేసే టెస్టు వచ్చింది. కమాండ్ కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టాను...

"ఆగు బిడ్డా."

వేలు ఆగింది.

"ఏడున్నవో జర చూస్కో... పిల్ల కష్టమంతా పోతది."

చూశాను. ఖాళీ ఫోల్డర్‌లో చేయాల్సిన టెస్టు అది. నేనున్నది... లావణ్య ఫైళ్లున్న ఫోల్డర్‌లో. నొక్కి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

అప్పుడు తెలిసింది... మగ్గాల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడూ లేదు. ఫోన్ చూశాను. కాల్ ఎప్పుడో కట్టయింది.

చేతిలోనే మోగింది. లావణ్య.

"కరెంట్ పోయిందక్కా, ఛార్జింగ్ లేక ఫోన్ గూడ బంద్ పడ్డది. ఇప్పుడే కరెంట్ వచ్చింది. బ్రాంచ్ టెస్టు కాడనే ఆగినం గదా?"

"నీ పక్కన... ఎవరున్నారే?"

"ఎవ్వరు లేరక్కా. నాయిన సచిన్ ఊరికాడి మిల్లుల నైట్ డ్యూటీకి పోయిండు. ఏందక్కా, గట్ల అడుగుతున్నవ్?"

ముందు ఆ ఫైళ్లు దాచాను. తర్వాత ఏడ్చాను.

నిద్రమత్తు అంటారు. కానీ బ్రాంచ్ టెస్టు తర్వాతి టెస్టులకు ఏ కమాండ్లు కొట్టాలో నాకు తెలియనే తెలియదు. అన్నీ సరిగ్గా చేశాను... ఎవరో చెబుతుంటే.

లావణ్య ఉద్యోగం నిలిచింది. నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను.

"నాకు కాదే," అన్నాను.

"మరి ఎవరికి పెట్టాలక్కా?"

నా ఫోన్ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను.