బాధ్యుడు అన్న మాట

మీరు హెలికాప్టర్ చూడ్డానికి పరిగెత్తిన మనుషులు. హెలికాప్టర్ కూలి చచ్చినవాడి ఇల్లు మీ వీధిలోనే ఉంటే, అక్కడికి నడిచి కూడా వెళ్ళలేదు. కాదంటారా? మొన్నటి ఎన్నికలప్పుడు మన హైస్కూలు గ్రౌండులో నాయకుడి హెలికాప్టర్ దిగడానికి సున్నంతో గుండ్రంగా గీత గీస్తే, కల్లాల్లో మిరపకాయలు వదిలేసి, పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ వెళ్ళారు. అదే సమయంలో ఒక ముసలితల్లి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఆ చప్పుడొక్కటి మాత్రం నేలలోంచి, మంచం కోళ్ళలోంచి తెలుస్తుంది. ఆ గదిలో ఆమె పక్కన కూర్చున్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి మా మాస్టారు. పోయిన మంగళవారం ఆయన పోయారు.

ఒంగోల్లో డయాలసిస్ చేయించుకుని వచ్చి, వాకిట్లో కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఒడిలో ఫైలుంది. ఆ ఫైలు ఆసుపత్రికి కూడా వెంట వెళ్ళేది. ఒక చేతికి సూది ఉంటే రెండో చేత్తో అర్జీలు రాసేవారు. నర్సమ్మ తిడితే, ఈ చెయ్యి ఖాళీగానే ఉంది కదమ్మా అనేవారట. దర్శి దగ్గర మా ఊరి దళితపల్లె నుంచి డిగ్రీ చదివిన మొదటివాడు ఆయన. చర్చి వెనక సమాధుల దొడ్లో ఆయన్ను దించుతుంటే మీలో ఎంతమంది వచ్చారో నాకు తెలుసు. లెక్కపెట్టడానికి వేళ్ళు చాలు.

నలభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి. ఊళ్ళో పరుపులు కుట్టే దూదేకుల కుటుంబం ఒకటి ఉండేది. దూది ఏకే విల్లు చప్పుడు మా వీధి చివరిదాకా వినపడేది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు పటాళంలో చేరాడు, హెలికాప్టర్ల మెకానిక్‌గా. ఎక్కడో ఉత్తరాన కొండల్లో ఒక హెలికాప్టర్ కూలింది. పెట్టె వచ్చింది. మూత తెరవొద్దన్నారు. తల్లి చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయారు. పది రోజులకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. చదివిపెట్టమని తండ్రి మా మాస్టారిని పిలిచాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం కొత్త. ఊళ్ళో ఏ అరుగూ ఆయన్ను కూర్చోనివ్వని రోజులవి. దూదేకులవాళ్ళు తమ అరుగు మీద మంచం వాల్చి, కొత్త పరుపు పరిచి కూర్చోబెట్టారు. ఊరు చుట్టూ నిలబడింది.

ఆ ఉత్తరంలో ఒక వాక్యముంది. మీ కుమారుడు తన యూనిట్లో హెలికాప్టర్ల మెయింటెనెన్సుకు రెస్పాన్సిబుల్‌గా ఉండేవాడు అని. ఓదార్పు మాట. మీవాడు పనిమంతుడు, పెద్ద పని చూసేవాడు అని చెప్పడం. మాస్టారు దాన్ని తెలుగు చేసి గట్టిగా చదివారు: "మీ అబ్బాయి హెలికాప్టర్ల మరమ్మతులకు బాధ్యుడు."

అంతే. బాధ్యుడు అంటే మన ఊళ్ళలో ఎవరు? బస్సు బోల్తా పడితే పేపర్లో వచ్చేవాడు. ప్రమాదానికి బాధ్యుడైన డ్రైవర్ పరారీ అని చదువుతాం కదా, వాడు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: సాయిబుగారబ్బాయి సరిగా రిపేరు చెయ్యకే అది పడిపోయిందంట, గవర్నమెంటే రాసిందంట. ఆ ఇంటికి 'హెలికాప్టరోళ్ళు' అని పేరు పెట్టారు. కుట్టించిన పరుపు తీసుకెళ్ళను వచ్చిన ఒకాయన ఆ తండ్రితో అన్నాడు: "ఇదన్నా గట్టిగా కుట్టావా సాయిబూ, మీవాడి రిపేరు మాదిరేనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మాట అన్నది మా నాన్న. నేనూ నవ్వాను. తండ్రి ఆ విల్లు తీసి గోడకు తగిలించాడు. మళ్ళీ దించలేదు. రెండేళ్ళకు పోయాడు.

ఇదంతా ఒక్క మాట తర్జుమాలో జరిగిన తప్పని నాకు ఎప్పుడు తెలిసింది? గుంటూరు బ్రాడీపేటలో ఒక సభలో. కల్తీ పత్తి విత్తనాల మీద మాట్లాడుతూ బాధ్యులెవరు, బాధ్యులెవరు అని బల్ల గుద్ది అరుస్తున్నాను. చివరి వరసలో మాస్టారు కూర్చుని ఉన్నారు. సభ అయ్యాక టీకొట్టు దగ్గర, "ఏరా, ఆ మాట కొంచెం తక్కువ వాడలేవూ?" అన్నారు. నాకు కోపం వచ్చింది. వాదించాను. మెత్తబడమంటారా మాస్టారూ అన్నాను. అప్పుడు చెప్పారు మొత్తం. టీ చల్లారిపోయింది.

"'చూసుకునేవాడు' అంటే సరిపోయేదిరా. 'బాగోగులు చూసేవాడు' అన్నా సరిపోయేది. డిగ్రీ ఉంది కదా, నలుగురూ వింటున్నారు కదా, పెద్దమాట వెయ్యాలనిపించింది."

బస్సు ప్రమాదం వార్త చదువుతుండగా ఒకరోజు ఆయనకు తను చేసిందేమిటో తెలిసిందట. ఆ క్షణమే లేచి వెళ్ళి రచ్చబండ దగ్గర చెప్పారు: తప్పు నాది, ఉత్తరంలో ఆ అర్థం లేదు అని. ఏం పెట్టారు మాస్టరా సాయిబుగారింట్లో, పలావా అని అడిగారు మనవాళ్ళు. అప్పటికి తండ్రి లేడు. తల్లి దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆమె తిట్టలేదు. "నువ్వు చెబితే ఊరు నమ్ముద్దా మాస్టరయ్యా? అది కాగితం మీద వచ్చిన మాట. కాగితం మీదే పోవాల" అంది.

ఆ కాగితం కోసం ఆయన మిగతా జీవితమంతా తిరిగారు. ప్రమాదం మీద విచారణ జరిగి ఉంటుంది, దానికో నివేదిక ఉంటుంది, అందులో కారణం రాసి ఉంటుంది. కావలసింది అదొక్కటే. ఇంగ్లీషు మాస్టారు హెలికాప్టర్ నేర్చుకున్నారు. పత్తి జిన్నింగు మిల్లు మెకానిక్ దగ్గర కూర్చుని బేరింగులు ఎందుకు అరుగుతాయో అడిగేవారు. తరగతిలో సీలింగ్ ఫ్యాను చూపించి, ఇది హెలికాప్టర్ రెక్క అనుకోండి, ఇది తిరిగితే కింది గది ఎదురువైపు తిరగాలి కదా, మరి దాన్ని ఆపేదేది అని పిల్లల్ని అడిగేవారు. తోక మీది చిన్న రెక్క అని ఒక పిల్ల చెబితే ఆ రోజంతా సంబరమే. సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్తలో దాని నకలు తెచ్చుకుని బైబిల్ పక్కన పెట్టుకున్నారు. అర్జీలు నన్ను దిద్దమనేవారు. నేను నిప్పులు పోసేవాణ్ణి, ఆయన నీళ్ళు పోసేవారు. "కోపం లోపల రాయి. అడ్రసు మాత్రం నెమ్మదిగా రాయి, లేకపోతే ఉత్తరం చేరదు" అనేవారు.

జవాబులు వచ్చాయి. రికార్డు లభ్యం కాదని ఒకటి. లభ్యమే గాని రహస్యమని ఇంకొకటి. గడువు తీరి నాశనం చేశామని మూడోది. ఒకే కాగితం లేకుండా ఉండటం, ఉండి చూపకపోవడం, కాలిపోవడం మూడూ ఎలా కుదురుతాయి? ఇక్కడ మీలో ఎవరో అంటారు, దేశభద్రత అండీ అని. నలభై ఏళ్ళనాడు ఇనప తుక్కైపోయిన యంత్రంలో ఇంకా ఏ భద్రత దాగుందో నాకు చెప్పండి. ఒక తల్లికి నీ కొడుకు తప్పు లేదు అని రాస్తే ఏ సరిహద్దు కూలుతుందో చెప్పండి.

నాలుగేళ్ళ కిందట మంగళగిరిలో ఒకాయన దొరికాడు. అదే యూనిట్లో పనిచేసి, రిటైరై, చీరల కొట్టు పెట్టుకున్న మనిషి. మాస్టారూ నేనూ వెళ్ళాం. ఆయన చీరలు మడతపెడుతూనే చెప్పాడు: "వాడు ఆ రోజు డ్యూటీలో లేడండి. సెలవు మంజూరైంది. కొత్త చొక్కా వేసుకుని, ట్రంకుపెట్టె పట్టుకుని ఎక్కాడు. రైలు స్టేషన్ దాకా దింపుతామన్నారు." ఆ హెలికాప్టర్ మరమ్మతు చూసింది వేరే జట్టు అని కూడా అన్నాడు. ఇది రాసివ్వండి అని మాస్టారు చేతులు జోడించారు. ఆయన కూడా జోడించాడు. పెన్షను తింటున్నానండి, ఈ వయసులో నన్ను లాగకండి అన్నాడు. ఆయన్ను నేను తిట్టను. భయం ఆయన ఇంట్లో పుట్టింది కాదు.

తిరిగొచ్చి ఆ తల్లికి చెప్పారు. చెవి దగ్గర నోరుపెట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తప్పు లేదన్న మాట ఆమె పట్టించుకోలేదు. "అయితే ఇంటికొస్తన్నాడా?" అంది. అన్నేళ్ళుగా ఆమెకు ఆ సంగతి తెలియదు. మాస్టారు బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డారు. మనం ఆమెకేం మేలు చేశాంరా అని నన్నడిగారు. 

మీరు రక్తసంబంధీకులు కారు, మీకు సమాచారం ఇవ్వం అని చివరికో జవాబు వచ్చింది. అర్జీ ఆ తల్లి పేరుతోనే పెట్టాలి. పెట్టె దగ్గర వేసినాక ఇంక దేని మీదా వేలిముద్ర వెయ్యనని ఒట్టేసుకున్న మనిషి ఆమె. పోయిన నెల ఒప్పుకుంది. మాస్టారు కొత్త ఇంకు ప్యాడు కొనుక్కొచ్చారు. వేలు పట్టుకుని అద్దారు. నల్లటి మచ్చ పడింది, గీతలు పడలేదు. మళ్ళీ అద్దారు, మళ్ళీ మచ్చే. ముప్ఫై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళవి. ఘాటుకు చర్మం ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడి, పలకలా నున్నగా అయిపోయాయి. మూడోసారి పడినదాన్నే పంపించారు.

సమాధి చేసిన మర్నాడు జవాబొచ్చింది. మాస్టారి ఇంటి చిరునామాకు, ఆ తల్లి పేరుతో. నేనే తీసుకెళ్ళాను. అదే అరుగు. గోడకు ఇంకా ఆ విల్లు ఉంది, నారి తెగిపోయింది. కవరు చింపి, ఇంగ్లీషు చదువుకుని, ఆమె ముఖం వైపు చూశాను. సభల్లో గంటలు గంటలు మాట్లాడే నేను ఆ ఒక్క వాక్యం తెలుగు చేయడానికి ఒక్కో మాటా తూచుకున్నాను. ఆ రోజు మాస్టారు ఎక్కడ కూర్చున్నారో నాకు అప్పుడు తెలిసింది.

"నీ వేలిముద్ర సరిగా పడలేదంట పెద్దమ్మా. అర్జీ తిప్పి పంపించారు."

ఆమె బొటనవేలు పైకెత్తి వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇదీ మాదే తప్పంటనా?"

ఆమె కొడుకు పేరు ఇక్కడ రాయలేదు. కాగితం వచ్చినాక రాయి నాయనా, మచ్చతో ఎక్కించొద్దు అంది. మాస్టారి పేరు కూడా ఆ పేరు పక్కనే వస్తుంది, అప్పటిదాకా రాదు. నివాళి అంటే పూలదండ కాదు కాబట్టి అడగాల్సినవి అడుగుతున్నాను.

ఆ ప్రమాదం విచారణ నివేదిక ఆ తల్లికి ఇవ్వాలి.

నాశనం చేసి ఉంటే, ఎవరు, ఎప్పుడు, ఎవరి ఆజ్ఞతో చేశారో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి.

రహస్యమైతే మొత్తం వద్దు. ఆ రోజు అతను పనిలో ఉన్నాడా, సెలవు మీద ఇంటికొస్తున్నాడా, ఆ ఒక్క వాక్యం ఇవ్వాలి.

అరిగిన వేలిని సంతకంగా ఒప్పుకోవాలి.

హైస్కూల్లో జెండా ఎగరేసిన రోజున మన ఊరి సైనికుల పేర్లు చదువుతారు. అందులో ఇన్నేళ్ళూ వదిలేసిన పేరు చదవాలి.

హెలికాప్టరోళ్ళు అన్న మాట ఊళ్ళో ఇంకెవరి నోటా రాకూడదు. మా ఇంటివాళ్ళతో సహా.

ఆ కాగితం తెలుగులో రావాలి. మొదటి ఉత్తరం చదివిన అరుగు మీదే, ఊరంతా చుట్టూ నిలబడగా చదవాలి.

ఆమె బతికుండగానే చదవాలి. ఆమెకు సరిగా వినపడదు. గట్టిగా చదవండి.