అమ్మమ్మ కేసెట్ మీద జర్మను సినిమా

నా చిన్నప్పుడు కూడా మేం ఈ అరబ్బు దేశంలో, ఈ ఖైతాన్ పేటలోనే, రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పక్కింటి మాస్టారు కాకినాడ వైపు బడిలో పాఠాలు చెప్పి చెప్పి, ఇక్కడికొచ్చి షర్క్ పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుగా కుదురుకున్నారు. శుక్రవారం సెలవు కదా, భోజనాలయ్యాక మా ఇంటికొచ్చి మాకు సినిమా కథ చెప్పేవారు. అదేమన్నా మామూలు సినిమానా! మాటల్లేని కాలం నాటి జర్మను సాహసం. వాళ్ళ నాన్నగారు కుర్రతనంలో డేరా హాల్లో చూశారట. ఆ రీళ్ళు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవట. దానికి మూలమైన నవల మాత్రం ఇంగ్లీషులో మాస్టారి దగ్గర ఉండేది. అది చదువుకుని, నాన్నగారు చెప్పినవి కలిపి, హీరో గుర్రం ఎక్కే చోట మా సోఫా ఎక్కి మరీ చెప్పేవారు.

ఒక శుక్రవారం నాకు దిగులు పట్టుకుంది. సినిమా ఎలాగూ పోయింది, మాస్టారి కథ కూడా పోతే? టేప్‌రికార్డర్ సోఫా కింద పెట్టి, చేతికి దొరికిన కేసెట్ వేసి, ఎర్ర మీట నొక్కాను. అది అమ్మమ్మ కేసెట్ అని సాయంత్రం తీసి చూసేదాకా తెలియలేదు.

అప్పట్లో ఊరి నుంచి ఉత్తరాలకు బదులు కేసెట్లలో మాట్లాడి పంపేవారు. అది పంపిన మూడు నెలలకే అమ్మమ్మ పోయింది. ఆవిడ గొంతంటూ అమ్మకు మిగిలింది అదొక్కటే. వంట చేస్తూ వారానికి రెండుసార్లైనా పెట్టుకునేది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కేసెట్ పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తి, అమ్మమ్మ మాటలు చెరిగిపోయాయని వెక్కుతూ చెప్పాను. ఆయన తిట్టలేదు. "యల్లా, పద" అని నన్ను మా వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చారు.

"చెల్లెమ్మా, కేసెట్లో మీ అమ్మగారు ఏమన్నారో ఓసారి చెప్పమ్మా" అన్నారు.

అమ్మ అట్లకాడ చేత్తో పట్టుకునే మొదలుపెట్టింది. గేదె ఈనిన సంగతి, పనసకాయ ఎవరెవరికి పంపిందీ, "ఒసే, నీళ్ళు కాచుకు తాగండే, అక్కడి నీళ్ళెలాంటియ్యో ఏంటో" అన్న జాగ్రత్తలు, మధ్యలో దగ్గు, వెనకాల మావయ్య విసుగు, అన్నీ వరస తప్పకుండా అమ్మమ్మ యాసలోనే చెప్పేసింది. అప్పుడు మాస్టారు నన్ను ముందుకు నెట్టారు. "ఇంక నువ్వు చెప్పు."

చెప్పాను. అమ్మ స్టవ్ ఆపేసి కింద కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నన్ను నాలుగు బాదినా బాగుండేదనిపించింది.

"సినిమా పోయినా కథ దక్కింది చెల్లెమ్మా, నవల ఉండబట్టి" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "మీ అమ్మగారి మాటలకి నువ్వున్నావు. రెండో వైపు ఖాళీగానే ఉందిగా, నీ నోటితో చెప్పి పెట్టు."

అమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇప్పుడు ఆవిడ దగ్గు కూడా నేనే దగ్గాలా?" అని ఫక్కున నవ్వింది. అమ్మయ్య, అమ్మ నవ్వింది! అప్పటిదాకా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. నేను భోరుమన్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఏదైనా పాడుచేస్తే దాచిపెట్టకుండా ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్ళడం ఆ రోజు నుంచే అలవాటైంది. నా వాళ్ళు చెప్పిన మాటలు ఫోన్‌లో భద్రంగా ఉన్నా సరే, ఇంట్లో ఎవరో ఒకరికి నోటితో చెబుతాను. "అమ్మ మళ్ళీ మొదలెట్టింది" అని మా పిల్లలు వేళాకోళం చేస్తారు. చేసుకోనీ. అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. ఆవిడ ఏమందో అడగండి, ఇప్పుడే చెబుతాను.