నాలుగొందల మీటర్ల కాడ

వాన వెలిసిన సాయంత్రం ఎవరింట్లోనో ఎండు నెత్తళ్ళు వేపుతున్న వాసన మా అపార్ట్‌మెంటు మెట్లెక్కి వస్తే, నేను శ్రీకాకుళం తీరంలోని మా పేటకు వెళ్ళిపోతాను. దసరా సెలవులు, ఇసుకలో ఆరేసిన వలల చాటున దాగుడుమూతలు, పొద్దున్నే చల్దన్నంలోకి కాల్చిన చేప, అరుగు మీద రేడియోకి చెవి ఆనించి మా తాత. ఆ రేడియో దుమ్ము తుడవడం, బ్యాటరీలు ఎండలో పెట్టడం నా పని. తాత పక్కన ఆ చోటు నాదేననుకునేదాన్ని, చీపురుపల్లి నుంచి మా మేనత్త కూతురు రాజీ వచ్చేదాకా.

ఇద్దరిదీ తొమ్మిదో తరగతే. దాని జడ నా జడకంటే పొడుగు, గచ్చకాయలాటలో దాని చెయ్యి తప్పదు, చేప తలకాయ మా అమ్మ దాని కంచంలోనే వేసేది. అన్నీ ఓర్చుకున్నాను.

ఆ సెలవుల్లోనే తుపాను వచ్చింది. వేటకెళ్ళిన నాన్న పడవ తిరిగి రాలేదు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, తాత రోజూ వినే స్టేషనూ పలకడం మానేసింది. బియ్యం పంచడానికి జీపులో వచ్చినాయన, పడవల కబుర్లు వేరే స్టేషన్లో, ఏడువందల యాభై కిలోహెర్ట్జ్ మీద చెబుతున్నారన్నాడు. తాత రేడియో పాతకాలపుది, దాని మీద కిలోహెర్ట్జ్‌లు లేవు, తరంగం పొడుగు చెప్పే మీటర్ల అంకెలే ఉన్నాయి. ముల్లు ఎటు తిప్పినా గరగరే.

“ఇలగ తిప్పతా ఉంటే ఉన్న బేటరీ కూడా అయిపోతాది” అని తాత తిప్పడం ఆపేశాడు.

రాజీ ముందుకొచ్చింది. “ఉండు తాతా. ఏడొందల యాభై కిలోహెర్ట్జ్‌ని వెయ్యితో భాగిస్తే మెగాహెర్ట్జ్ వస్తాది. అంటే ముప్పావు. మూడొందల్ని ఆ ముప్పావుతో భాగిస్తే మీటర్లు. నాలుగొందల కాడ ఎట్టి సూడు.”

ఆ పాఠం మా బళ్ళోనూ చెప్పారు. నాకు గుర్తు రాలేదు.

తాత ముల్లు అక్కడికి జరిపాడు. గరగరలోంచి ఒక ఆడగొంతు మా పేట పేరు చదివింది. పడవ ఒడిశాలో గోపాల్‌పూర్ ఒడ్డు చేరిందట, మనుషులంతా క్షేమమట. అమ్మ కూలబడి ఏడ్చింది. తాత రాజీని దగ్గరకు లాక్కుని తల నిమిరాడు. “నా తల్లే, నా కొడుకు జాడ సెప్పినావు.”

నాన్న బతికున్నాడు. నా ఒళ్ళంతా తేలికైంది. అంతలోనే ఆ తల నిమురుతున్న చెయ్యి చూసి కుళ్ళొచ్చింది. నాన్న జాడ పట్టింది అది, నేను కాదు.

దారిలోనే సంగతి విన్న నాన్న, ఇల్లు చేరాక గుమ్మంలోనే “ఏదే నా మేనకోడలు?” అని అడిగాడు. రాజీ ఊరెళ్ళిపోయాక నేను ఇసుకలో పుల్లతో లెక్కలే లెక్కలు, కిలోల్ని మెగాలు చేసి, మెగాల్ని మీటర్లు చేసి. తాత ఒక్కసారీ నన్ను అడగలేదు. పాత స్టేషన్ మళ్ళీ పలుకుతోంది మరి.

ఇప్పుడు తాత లేడు. ఆ రేడియోని పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. మీటర్లంటే ఏమిటో అడిగేవాళ్ళూ లేరు. మొన్నొక పెళ్ళిలో రాజీ కనిపిస్తే, ఇన్నేళ్ళూ దాచుకున్న ఆ సంగతి ఎత్తాను.

“నేను లెక్క కట్టేనేటే? నాకేటీ గురుతు లేదు” అంది రాజీ, నవ్వుతూ భోజనాలకి లేస్తూ.

అంత గొప్ప సంగతిని అంత తేలిగ్గా మరిచిపోగలిగినందుకు, దాని మీద నాకు మళ్ళీ కుళ్ళొచ్చింది.