నూకితే ఒక స్వరం, గుంజితే ఒక స్వరం

తాండూరు స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో, బండల అడ్డాలు దాటగానే జంగప్ప దుకాణం ఉండేది. దుకాణమంటే మూడు పక్కలా నిలబెట్టిన నాపరాళ్లు, పైన ఒక రేకు, ముందు ఒక గోనెపరదా. పొద్దున అతడు ఆ పరదా ఎత్తగానే లోపల వరసగా కూర్చున్న హార్మోనియం పెట్టెలన్నీ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టుండేది.

జంగప్ప పాటగాడు కాదు. తండ్రి మోటబావుల్లో నీళ్లు తోడే తోలు తొండాలు కుట్టేవాడు. తోలు ఎక్కడ నీళ్లు వదులుతుందో చేత్తో తడిమి చెప్పడం ఆ ఇంటి విద్య. పోలీసు చర్య అయిన ఏడాది దారిన పోతున్న నాటకాల జట్టొకటి చినిగిన హార్మోనియంతో వాళ్ల వాకిట్లో ఆగింది. జంగప్ప మేకపిల్ల తోలును చెవితమ్మంత పలచగా గీకి తిత్తికి అంటించాడు. నీళ్లను ఆపిన చెయ్యి గాలినీ ఆపింది. పెట్టె పలికినప్పుడు తన చేతుల్లోంచి పిట్ట ఎగిరిపోయినట్టు అతడు ఖాళీ అరచేతులు చూసుకున్నాడు. ఆ రోజు నుంచి తొండాలు తమ్ముళ్లకు వదిలేసి తిత్తుల వెంట పడ్డాడు. తోలు నుంచి ఇత్తడికి, ఇత్తడి నుంచి శ్రుతికి మెల్లగా నడిచి వచ్చాడు. కొన్నేళ్లకు ఆ చుట్టుపక్కల భజనమందిరాల్లో ఏ పెట్టె దగ్గినా తాండూరుకే వచ్చేది.

ఒక వానాకాలం వికారాబాదు నుంచి పొద్దటి రైల్లో సంతోషమ్మ వచ్చింది. మర్పల్లి వైపు ఊళ్లు కాలినడకన తిరుగుతూ బైబిలు వాక్యం చెప్పే మనిషి. ఆమె చీరకొంగులోంచి తీసిన వస్తువును జంగప్ప అంతకుముందు చూడలేదు. రెండు ఆరుమూలల చెక్కలు, వాటి మధ్య మడతలు మడతలుగా తోలు, ఒక్కో చెక్కకు ఎముక మీటలు. రెండు చేతుల మధ్య పట్టేంత పెట్టె. కాన్సర్టీనా అని దాని పేరు. మిషను బంగళా దొరసాని తన దేశం పోతూ ఆమె చేతుల్లో పెట్టిపోయింది. ఇప్పుడు ఎలుకలు తిత్తి కొరికేశాయి.

ధారూరు క్రైస్తవ జాతరలో ఆడవాళ్ల వరస వాగు దగ్గర నుంచి పందిరి దాకా పాడుకుంటూ నడుస్తుంది. ఆ వరసకు ముందు సంతోషమ్మ ఈ పెట్టె వాయిస్తూ నడవాలి. హార్మోనియం కూర్చుంటేనే పాడుతుంది, ఇది నడుస్తూ పాడుతుంది. ఈసారి పెట్టె లేకపోతే పట్నం బ్యాండు ముందు నడుస్తుందనీ, ఆడవాళ్లు వెనక రావాలనీ పెద్దలు అప్పుడే అనేశారు. జాతర వచ్చేలోపల బాగు చేసి ఇస్తానని జంగప్ప మాట ఇచ్చాడు. ఆమె నమ్మి, మళ్లీ ఊళ్ల మీదికి పోయింది.

అతని భార్య ఎంకమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ ఆ పెట్టెను ఎగాదిగా చూసింది.

"మోట తోలు కుట్టేటోనికి దొరసాని పెట్టె ఎందుకయ్యా? అది ఇంగ్లీషుల ఏడిస్తె నీకు సమజైతదా?"

"ఏడుపుకు భాష ఎందుకే" అన్నాడు జంగప్ప.

తిత్తి పని పండగలా సాగింది. ప్రతి మడతకూ కొత్త తోలు వేశాడు, ప్రతి మూలకూ చిన్న ముక్క అంటించాడు. చెక్కలు విప్పి లోపలి ఇత్తడి నాలుకలను నోటితో ఊది చూశాడు. అక్కడే అతని చెవి అతన్ని మోసం చేసింది. ప్రతి మీట కింద రెండు నాలుకలున్నాయి. హార్మోనియంలో ఒక మెట్టు కింద రెండుంటే రెండూ ఒకే స్వరం పలకాలి. వీటిలో ఒకటి సా అంటే రెండోది రి అంటోంది. ఒకటి గ అంటే రెండోది మ. చెమ్మకు పాడై శ్రుతి తప్పాయనుకున్నాడు. కుడిచేతి చెక్కలోని జతలన్నిటినీ ఆకురాయితో ఓపికగా రాకి, కవలపిల్లల్లా ఒక్క గొంతు చేశాడు.

జొన్నలు కంకులు తొడిగే వేళకు సంతోషమ్మ వచ్చింది. ఎడమచెక్క నాలుకలు ఇంకా రాకలేదని చెబుతూ పెట్టె చేతికిచ్చాడు. ఆమె కొత్త తోలును చెంపకు ఆనించుకుని మురిసింది. వాయించింది. పాట రాలేదు. ఒకే మెట్టు మీద ఎక్కి దిగుతున్న మనిషిలా స్వరం ఉన్నచోటే ఉండిపోయింది. ఆమె పెట్టెను ఒళ్లోకి దించింది.

"నూకితె ఒకటి, గుంజితె ఒకటి పలుకాలె తమ్మీ. నువ్వు రెండూ ఒక్కటే జేసినవు."

జంగప్ప తల దించుకున్నాడు. పాడైన పెట్టెను చాలామంది బాగు చేయలేకపోతారు. తాను బాగున్నదాన్ని పాడు చేశాడు. పాత స్వరాలు ఏవో చెప్పమని అడిగాడు. ఆమెకు సరిగమలు రావు. ఏ వేలు ఎప్పుడు కదలాలో వేళ్లకే తెలుసు, తనకు తెలియదంది.

ఆ మాట దగ్గర అతనికి దారి దొరికింది. నాలుకలున్న పలకలు రెండూ తీసేసి, మూగ పెట్టెను ఆమె చేతుల్లో పెట్టాడు.

"గొంతుతోని పాడు అక్కా. చేతులు ఆడనీ. నేను చూస్త."

సంతోషమ్మ పాడింది. మూగ పెట్టె ఆమె చేతుల్లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. ఏ వేలు దిగింది, తిత్తి లోపలికి పోతోందా బయటికి వస్తోందా, అప్పుడు గొంతు ఏ స్వరం మీదుంది అని జంగప్ప కళ్లతో వింటూ పక్కన హార్మోనియం మెట్టు పట్టుకున్నాడు. ఆమె కోతపాట పాడింది, క్రిస్మసు పాటలు పాడింది, ఊరేగింపు పాట పాడింది. పోయిన స్వరాలు ఒక్కొక్కటే ఆమె వేళ్లలోంచి దిగి వచ్చాయి. ఆ పూట జంగప్ప నాలుకల కొసలు రాకి వాటి శ్రుతిని తిరిగి పైకి లేపాడు. వంచిన తలలు ఎత్తినట్టు అవి లేచాయి.

ఒక్క నాలుక మాత్రం ఆకురాయి కింద పుటుక్కున విరిగింది. కుడిచెక్క చివరి మీటది, గుంజినప్పుడు పలకాల్సింది. అది ఏ స్వరమో అడిగితే సంతోషమ్మ నవ్వేసింది. తన చిటికెనవేలు అంతదూరం ఎప్పుడూ పోలేదంది. అంటే ఆ స్వరం ఎరిగినవాళ్లు ఈ దేశంలో లేరు.

ఎంకమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. తన ఇత్తడి సున్నపు డబ్బీ ఖాళీ చేసి, తుడిచి, భర్త ముందు పెట్టింది. అందులోంచి సన్నటి ముక్క కత్తిరించి, వేడి చూపించకుండా సుత్తితో సాగగొట్టి, ఇత్తడికి బిగువు తెచ్చాడు జంగప్ప. దానికి ఏ గొంతు ఇవ్వాలో చెప్పేవాళ్లు లేరు గనక తన చెవినే అడిగాడు. తండ్రి కొత్త తొండం కట్టి మోట తోలేటప్పుడు, తొండం నిండి పైకొచ్చే క్షణాన ఎద్దులకు వేసే కూత ఒకటుండేది. ఆ కూత ఆగే చోట ఉన్న స్వరాన్నే నాలుకకు పట్టించాడు.

జాతర నాడు ధారూరు వాగు ఒడ్డున ఎడ్లబండ్లు ఊరంత పరుచుకున్నాయి. బండి కింద నీడలో పిల్లలు, బండి మీద వంటసామాను, పొగలో పొయ్యిలు. జంగప్ప, ఎంకమ్మ జనంలో ఒక అంచున నిలబడ్డారు. బ్యాండువాళ్లు బూరలు తుడుచుకుంటూ దారి మొదట్లో నిలబడి ఉన్నారు.

సంతోషమ్మ వాగులోంచి తడికాళ్లతో వచ్చి బ్యాండును దాటి ముందు నిలిచింది. పెట్టె తెరిచింది. నూకింది, గుంజింది, అడుగేసింది. ఒక్కో అడుగుకు ఒక్కో స్వరం. పాట మెట్లెక్కి పైకి పోయింది. వెనక ఆడవాళ్లంతా ఒక్కసారి గొంతులు కలిపారు. బ్యాండువాళ్లు బూరలు దించి పక్కకు జరిగారు.

పందిరి ముందుకు వచ్చాక ఆమె పాట ఆపలేదు. చిటికెనవేలు చివరి మీట మీద పెట్టి తిత్తిని తన చేతులు సాగినంత దూరం గుంజింది. తాండూరులో పుట్టిన స్వరం ఎండలోకి వచ్చింది. కొంచెం గరుకుగా, నిండుగా, నీళ్లెక్కినట్టుగా. ఆడవాళ్లు దాన్నందుకుని ఊపిరున్నంతసేపు నిలబెట్టారు. బండ్ల కింద నెమరేస్తున్న ఎద్దులు లేచి నిలబడ్డాయి.

"మన డబ్బీయే గదా అది" అంది ఎంకమ్మ.

జంగప్ప కూడా పాడుతున్నాడు.