రెండోసారి అడిగితేనే

ఆ రోజుల్లో నేను దేనికైనా మొదట "వద్దండీ" అనేదాన్ని. రెండోసారి అడిగితే "పర్లేదండీ" అని, మూడోసారికి ప్లేటు అందుకోవడం మా ఇంట్లో నేర్చుకున్న మర్యాద. దేశం దాటి వచ్చి బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరాక తెలిసింది, ఇక్కడ ఎవరూ రెండోసారి అడగరని. నా పక్క సీటు అక్క (వరంగల్ ఆవిడ, వచ్చి చాలా ఏళ్లయింది, అక్క అని మనసులోనే అనుకునేదాన్ని, పైకి పిలిచే ధైర్యం లేదు) మధ్యాహ్నం డబ్బా తెరిచి, "పులిహోర తింటవా?" అనేది. "వద్దండీ." "ఓకే" అని ఇంగువ వాసనతో సహా మూత పెట్టేసేది. నేను బ్రెడ్డు నములుతూ కిటికీలోంచి వాన చూసేదాన్ని. ఆ పులిహోర గురించి డైరీలో రాసుకున్నంతగా ఇంకే మనిషి గురించీ రాసుకోలేదు.

మా టీమ్‌లో ఎవరు ఏ కోడ్ మార్చారో గుర్తుపెట్టుకుని, అందరి పనినీ ఒకచోట కలిపే టూల్ ఒకటుండేది. అందరికీ సౌకర్యంగా ఉండేలా దాని సెట్టింగ్స్ తయారు చేయమని మేనేజర్ నాకు చెప్పాడు. శుక్రవారం చూపించాలి. నచ్చితే అందరి లాప్‌టాప్‌లలో పెడతారు, లేదంటే పాత పద్ధతే. నాది అని చెప్పుకోదగ్గ మొదటి పని అది. మీటింగుల్లో నోరు విప్పని నేను, నా బదులు అదైనా మాట్లాడాలని మురిపెంగా చేశాను. పొడుగాటి కమాండ్లకు పొట్టి పేర్లు పెట్టాను. కోడ్ అందరికీ పంపేముందు "పంపమంటారా?" అని అడిగేలా చేశాను. అవునంటే, "నిజంగా పర్లేదా?" అని. అప్పటికీ అవునంటే, "ఇంకోసారి చూసుకుంటారేమో?" అని. (అడగడం ఇంగ్లిష్‌లోనే, వినయం మాత్రం మనది.) దాన్ని ఆపే ఆప్షన్ పెట్టాలని నాకు తట్టనే లేదు.

శుక్రవారం అక్కే కీబోర్డ్ ముందు కూర్చుంది. పొట్టి పేర్లు చూసి అందరూ "నైస్" అన్నారు. తర్వాత కోడ్ పంపబోయింది.

"యెస్ అన్న గదా, మళ్ల అడుగుతదేంది? అరే, యెస్ అంటున్ననమ్మా! నా మీద నమ్మకం లేదా దీనికి?"

తెర మీద మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న చూసి గదంతా గొల్లున నవ్వింది. ఇన్నిసార్లు ఎందుకని మేనేజర్ మెల్లగానే అడిగాడు. ఇంగ్లిష్ మొత్తం ఎటో వెళ్లిపోయి, అక్క వైపు తిరిగి తెలుగులోనే అనేశాను: "మొదటిసారి ఎవరూ నిజం చెప్పరు కదండీ."

నవ్వుతున్న అక్క ఆగిపోయింది. "అంటే... పులిహోర?"

నేను తల వంచుకున్నాను.

"పిచ్చిపిల్లా! ఇన్ని రోజులు ఆకలితోనే వద్దన్నవా?"

మేనేజర్ అయోమయంగా మా ఇద్దర్నీ చూస్తుంటే, అక్క అతనికి ఇంగ్లిష్‌లో ఏదో సర్దిచెప్పి నా వైపు తిరిగింది. "తీసెయ్యకు. మామూలుగా ఒక్కసారే అడగాలె. ఇంకా కావాలన్నోళ్లు పెంచుకునేటట్టు ఆప్షన్ పెట్టు." ఆ ఒక్క మార్పుతో నా సెట్టింగ్స్ అందరి లాప్‌టాప్‌లలోకీ వెళ్లాయి.

సోమవారం డబ్బా తెరుచుకుంది. "తింటవా?"

"వద్దండీ." (అలవాటు!)

"తింటవా?"

"పర్లేదక్కా..." నోరు జారింది.

"నీ సెట్టింగ్ నాకు తెలుసులే" అని నా ప్లేటు నింపేసింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే మొదటిసారే "పెట్టండి" అంటాను, సిగ్గు లేకుండా. నా లాప్‌టాప్‌లో మాత్రం మూడుసార్లు అడిగే ఆ సెట్టింగ్ మార్చలేదు. పని తొందరలో ఉన్నా అది అడిగినన్నిసార్లూ ఓపిగ్గా అవునంటాను. బ్రెడ్డు ముక్కతో కిటికీ దగ్గర కూర్చున్న ఆ పిల్లని కూడా ఎవరో ఒకరు మళ్లీ అడుగుతూ ఉండాలి కదా.