మెటిక్యులస్ అనే జ్వరం

మా చిన్నప్పుడు... నూజెండ్ల దగ్గర మా ఊళ్లో, పొద్దుగూకేసరికి మా నాన్న అరుగు మీద కూర్చుని నా ఇంగ్లీషు మాటలు తనిఖీ చేసేవాడు. ఆయనకు ఏబీసీడీలు రావు... అదే అసలు చిక్కు.

సంచి మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి నమ్మి కొన్న పత్తి గింజలు ఒక ఏడు మొలవలేదు. అప్పటినుంచి ఆ భాషంటేనే ఆయనకు అనుమానం. ఆ మాటకొస్తే శనగలన్నా అనుమానమే... గుప్పెడు తీసి, ఒకటి కొరికి చూడనిదే కొనేవాడు కాదు. సరే, శనగల సంగతి వదిలేద్దాం.

మాస్టారు రోజుకు ఐదు పెద్ద మాటలు రాయించేవారు. అర్థాలు నేను నాన్నకు అప్పజెప్పాలి. వాటిలో ఒకదాన్ని ఆయన వల్లె వేసుకుంటూ వినుకొండ వెళ్లి, ప్లీడరు గుమాస్తాను అడిగి వచ్చేవాడు. ఒక్క అర్థం తప్పని తేలినా బడి మాన్పించి మేకల వెంట తోలతానన్నాడు... అన్నంత పనీ చేసే మనిషి.

ఓ రోజు 'మెటిక్యులస్'కు అర్థం రాసుకోవడం మరిచాను. నోటికొచ్చింది చెప్పేశాను... ఒక రకం జ్వరం అని.

మర్నాడు ఆయన వినుకొండ బస్సెక్కాడు. దొడ్లో మేకలు నా వంకే చూస్తున్నట్టు అనిపించింది.

సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

"గుమాస్తాను అడిగా. నిజమే, చానా చెడ్డ జ్వరం, మా బావమరిదిక్కూడా వచ్చిందన్నాడు."

బతికిపోయాననుకున్నాను...

"బావమరిది అనేసరికి నాకు అనుమానమొచ్చింది. ఆసుపత్రి కాంపౌండరు దగ్గరికి పోయా. అట్టాంటి జ్వరం నాకు తెలీదన్నాడు."

నా చూపు దొడ్లో మేకల మీదికి పోయింది.

"ఏందిరా... మీ ముగ్గురిలో తెలీదన్నోడు ఆయనొక్కడే. రేపు బడికి పో. తెలీకపోతే తెలీదని చెప్పు. ఇంకోసారి జ్వరం తెచ్చావా, మేకలే."

ఆ బడి చదువు ఎక్కువ కాలం సాగలేదు. చాలా ఏళ్లకు పాత నిఘంటువు ఒకటి కొనుక్కుని నాకు నేనే చదువుకున్నాను. మొదట వెతికింది ఆ మాటే... చిన్న విషయమైనా వదలకుండా, అతి జాగ్రత్తగా సరిచూసుకునే మనిషిని అలా అంటారట.

చెబుదామంటే అప్పటికి నాన్న లేడు.

ఇప్పుడు మా మనవరాలు ఏ మాట అడిగినా ఫోను చిటికెలో అర్థం చెప్పేస్తోంది. ఇంతవరకు ఒక్కసారి కూడా తెలీదనలేదు... అక్కడే నాకు గుమాస్తా గుర్తొస్తాడు.

మీ చిన్నప్పుడు మీకూ ఒక కాంపౌండరు ఉండే ఉంటాడు... ఆయన సంగతి కాస్త చెప్పండి.