తెల్ల పట్టీ వేయని చెట్లు

2007 జూన్. నాచారం దాటి మల్లాపూర్ వైపు, కుంట ఒడ్డున ఉన్న చిన్న అడవి స్థలంలో చెట్ల పనికి నేను సూపర్‌వైజర్‌ని. ఎటు చూసినా సర్కారు తుమ్మే. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. వేరు తవ్వకుండా కొడితే మళ్ళీ చిగురిస్తుంది. వానలు ముదిరేలోగా దాన్ని తీసేసి కానుగ, నేరేడు మొక్కలు నాటాలి.

చిక్కల్లా నీళ్ళ పక్కనున్న పది తుమ్మలతోనే. వాటి నిండా కొంగల గూళ్ళు, గూళ్ళలో ఇంకా ఎగరలేని పిల్లలు. పైవాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి, ఆ పదింటినీ ప్రస్తుతానికి ఉంచేలా ఒప్పించాను.

తర్వాత మార్కింగ్ చేశాను, అంటే కొట్టాల్సిన చెట్టు మొదలుకు సున్నంతో పట్టీ వేయడం. గూళ్ళున్న చెట్లకు వేయలేదు. "తెల్లగ ఉన్నయే కొట్టాలె" అని మేస్త్రి మల్లేశానికి చెప్పి, మొక్కల కోసం ఉప్పల్ నర్సరీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి నీళ్ళ వైపు నుంచి గొడ్డలి చప్పుడు. కొంగలన్నీ పైకి లేచి అరుస్తున్నాయి. పరుగెత్తాను.

"ఆపు! కండ్లు కనవడ్తలేవా?"

మల్లేశం గొడ్డలి దించాడు. "గట్లంటవేంది సారు? తెల్లగున్నయే కొట్టుమన్నవ్ గద. నువ్వే సూడు."

చూశాను. కొంగల రెట్టలతో ఆ మొదళ్ళు నా సున్నం కంటే తెల్లగా ఉన్నాయి. రోజూ చూస్తున్న చెట్లే! నాకే తట్టలేదు, తప్పు నాదే.

ఒక చెట్టులోకి గొడ్డలి అప్పటికే నాలుగు వేళ్ళ లోతు దిగింది. చెట్టు ఒరిగితే పిల్లలన్నీ నీళ్ళపాలే. మల్లేశమే తాడు తెచ్చి, ఆ చెట్టును పక్క చెట్టుకు బిగించి కట్టాడు. కొంగలు తిరిగి దిగుతాయేమోనని ఇద్దరం దూరంగా కూర్చున్నాం.

"ఫికర్ జెయ్యకు సారు. పిల్లల్ని ఇడిసి తల్లి యాడికి వోతది?"

గంట తర్వాత కొంగలు ఒక్కొక్కటే దిగాయి. పిల్లలు నోళ్ళు తెరిచి గోల మొదలుపెట్టాయి. అంత ఇంపైన గోల నేనెప్పుడూ వినలేదు. హమ్మయ్య అనుకుని పిచ్చివాడిలా నవ్వాను. మల్లేశం తన ఎర్ర తువ్వాలను పది పేలికలుగా చించి ఆ పది చెట్లకూ కట్టాడు. అప్పటి నుంచి నేను ముందుగా, ఉంచాల్సిన చెట్లకే గుర్తు పెడతాను, మేస్త్రిని వాటి దగ్గర నిలబెట్టి మరీ చూపిస్తాను.

ఐదేళ్ళకు మేం నాటినవి ఎదిగాయి. కొంగలు వాటి మీదికి మారాయి. ఆ చలికాలం తుమ్మలు తీయడానికి మల్లేశాన్నే పిలిచాను. పేలికలు ఎప్పుడో చీకిపోయాయి. అయినా అతను గొడ్డలి కింద పెట్టి, పది చెట్ల చుట్టూ మెడ ఎత్తి తిరిగాడు.

"ఇగ కొట్టొచ్చు సారు" అన్నాడు. "ఇండ్లల్ల ఎవ్వరు లేరు."